AFM (సన్నటి మొనతో శాంపిల్‌ని తాకి కొలిచే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్)లో జెల్ మీద ఫోర్స్ కర్వ్ (నొక్కేకొద్దీ బలం ఎలా మారుతుందో చూపే గీత) ఫ్లాట్‌గా వస్తోంది, మాడ్యులస్ (జెల్ గట్టిదనం) రోజుకో నంబర్ చూపిస్తోంది అన్నారు కదా

ప్రోబ్ మరీ గట్టిదండి. 40 న్యూటన్/మీటర్ స్ప్రింగ్ గట్టిదనం ఉన్న ట్యాపింగ్ ప్రోబ్‌తో కొన్ని కిలోపాస్కల్‌ల జెల్‌ని నొక్కితే కాంటిలివర్ (ప్రోబ్‌లో వంగాల్సిన సన్నటి పట్టీ) వంగదు, దాని చివరి టిప్ లోపలికి దిగిపోతుంది అంతే.

1. 0.06 న్యూటన్/మీటర్ దగ్గర ఉండే సిలికాన్ నైట్రైడ్ ప్రోబ్ పెట్టండి, చివర 5 మైక్రాన్ల గోళం ఉన్నదైతే ఇంకా మంచిది.

2. చాలామంది వదిలేసేది డిఫ్లెక్షన్ సెన్సిటివిటీ, అంటే లేజర్ సిగ్నల్ మార్పుని కాంటిలివర్ ఎంత వంగిందో అన్న కొలతగా మార్చే విలువ. గాల్లో తీసిన విలువ బఫర్ ద్రావణంలో పనికిరాదు, కాంటిలివర్ మీద పడే లేజర్ కాస్త జరిగినా మారిపోతుంది. ప్రోబ్ ముంచాక డ్రిఫ్ట్ (సిగ్నల్ తనంతట తాను మెల్లగా జరగడం) తగ్గేదాకా ఆగి, అదే బఫర్‌లో శుభ్రమైన గాజు మీద కర్వ్‌లు తీసి, కాంటాక్ట్ తర్వాత వచ్చే తిన్నటి గీత వాలు ఫిట్ చేయండి, జెల్ మీద మాత్రం అస్సలు చేయొద్దు.

3. తర్వాతే థర్మల్ ట్యూన్, అంటే వేడి వల్ల కాంటిలివర్‌లో వచ్చే చిన్న కంపనాల నుంచి దాని స్ప్రింగ్ గట్టిదనం లెక్కించడం. ఇక లేజర్ ముట్టుకోకండి.

నొక్కే లోతు జెల్ మందంలో 10 శాతం దాటనివ్వొద్దు, దాటితే కింద గాజు గట్టిదనం కూడా కొలతలో కలిసిపోతుంది.