చెట్ల నారుకు సూక్ష్మజీవుల తోడు: ఈ చదువుకు ఉద్యోగాలున్నాయా?

ప్రశ్న: మా అమ్మాయి మైక్రోబయాలజీతో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఔషధ పరిశ్రమ వైపు వెళ్లకుండా, మేలు చేసే సూక్ష్మజీవులతో చెట్ల నారు పెంచే రంగంలో పీజీ చేస్తానంటోంది. నర్సరీ పనికి పీజీ ఎందుకు? - ఒక తండ్రి

జవాబు: సంచుల్లో మట్టి నింపి, విత్తనం వేసి, నీరు పెట్టడానికి పీజీ అక్కరలేదన్న మాట నిజమే. అయితే మీ అమ్మాయి కోరుకుంటున్నది ఆ పని కాదు. ఏ జాతి మొక్కకు ఏ సూక్ష్మజీవిని జోడించాలి, దానికి తోడు ఎరువు ఎంత మోతాదులో ఇవ్వాలి అన్నది తేల్చే పని అది.

అడవి చెట్ల వేర్లకూ శిలీంధ్రాలకూ మధ్య ఉన్న పొత్తును జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్నార్డ్ ఫ్రాంక్ 1885లో వివరించారు. మైకోరైజా అనే ఈ పొత్తులో శిలీంధ్రాలు వేరు చేరలేని చోటి నుంచి భాస్వరాన్ని మొక్కకు అందించి, ప్రతిగా చక్కెరలను తీసుకుంటాయి. తుమ్మ, సుబాబుల్ వంటి చెట్ల వేరు బొడిపెల్లో రైజోబియం, సరుగుడు బొడిపెల్లో ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మార్చి స్థిరీకరిస్తాయి. పైన్‌కు పనికొచ్చే శిలీంధ్రం టేకుకు పనికిరాదు. అసలు చిక్కు ఎరువుల దగ్గర మొదలవుతుంది: భాస్వరం ఎక్కువైతే మైకోరైజా శిలీంధ్రం వేర్లలో సరిగా స్థిరపడదు, నత్రజని ఎక్కువైతే బొడిపెలు తగ్గిపోతాయి, అలాగని ఎరువు పూర్తిగా మానేస్తే మొక్క గిడసబారిపోతుంది. పైగా నత్రజని దండిగా తాగి ఏపుగా పెరిగిన నారు చూడముచ్చటగా ఉన్నా, పైభాగానికి తగినన్ని వేర్లు లేకపోతే నాటిన తరువాత ఎండకు తట్టుకోలేదు. ఈ తూకం తెలిసినవారి అవసరం నర్సరీలకు నిజంగా ఉంది.

అందువల్ల మైక్రోబయాలజీ ఒక్కటే సరిపోదు. మృత్తికా శాస్త్రం, మొక్కల తెగుళ్లు, గణాంక శాస్త్రం కూడా పాఠ్యప్రణాళికలో ఉన్న పీజీని ఎంచుకోవాలి. ప్రయోగశాల పళ్లేల్లో బ్యాక్టీరియాను పెంచడం అలవాటైన విద్యార్థులు ఒక సంగతి గమనించాలి: టేకు వంటి చెట్లతో కలిసి బతికే ఆర్బస్క్యులర్ అనే రకం మైకోరైజా శిలీంధ్రాలు సజీవమైన వేరు లేకుండా పెరగవు కాబట్టి, ఒక్కో ప్రయోగానికి నెలలు పడుతుంది.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. అటవీ నర్సరీలు, కాగితపు గుజ్జు కోసం తోటలు పెంచే సంస్థలు, గని తవ్విన నేలల్లో పచ్చదనాన్ని పునరుద్ధరించే పథకాలు, జీవన ఎరువుల తయారీలో నాణ్యత పరీక్ష విభాగాలు ఇందులో అవకాశాలిస్తాయి. ఔషధ రంగంతో పోలిస్తే ఇవి తక్కువ. పరిశోధనలో స్థిరపడాలంటే పీహెచ్‌డీ దాదాపు తప్పనిసరి. ఎరువుల అమ్మకాల ఉద్యోగం మొదట ఎదురైతే చిన్నచూపు అక్కరలేదు గానీ, అందులోనే ఉండిపోతే ప్రయోగశాలకు తిరిగి రావడం కష్టం.

దరఖాస్తుకు ముందే ఏదైనా నర్సరీలో ఒక చిన్న ప్రయోగం చేయమనండి. ఒకే జాతి నారును నాలుగు భాగాలు చేసి, ఒకదానికి ఏమీ ఇవ్వకుండా, ఒకదానికి సూక్ష్మజీవులు మాత్రమే, ఒకదానికి ఎరువు మాత్రమే, చివరిదానికి రెండూ ఇచ్చి, కాండం అడుగుభాగపు మందాన్నీ వేర్ల ఎండు బరువునూ కొలవాలి. వేర్లకు రంగు పట్టించి, శిలీంధ్రం చేరిందో లేదో సూక్ష్మదర్శినిలో చూడాలి. ఆ ఫలితాల పట్టికను ప్రవేశ ఇంటర్వ్యూకు వెంట తీసుకెళ్లడం మంచిది.