కొత్త రంగు సైకిల్ కొనబోతున్న మా అమ్మికి

అమ్మీ,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేశాడు. నువ్వు గేర్ల సైకిల్ కొంటున్నావంట, కొండదారుల్లో తొక్కుతావంట, గండికోట దాకా పోతావంట. "నువ్వన్నా వద్దని చెప్పన్నా" అన్నాడు. నేను చెప్పనన్నాను. మన ఇంట్లో ఆడపిల్లలెవరూ బడి దాటి సైకిల్ తొక్కింది లేదు. చాలా సంతోషమేసింది. ఆ తర్వాత నువ్వు పంపిన ఫోటో చూశాను. ఇక రాత్రంతా నిద్ర లేదు.

ముందు తేలిక సంగతులు చెప్పేస్తాను. ఇరవై వేల లోపు అన్నావు కాబట్టి హార్డ్‌టెయిలే తీసుకో, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో మాత్రమే షాక్ ఉండేది. అదే డబ్బుకు ముందూ వెనకా స్ప్రింగులున్నవి చూపించి ఆశపెడతారు. అవి బరువు, ఎత్తు ఎక్కేటప్పుడు నువ్వు తొక్కిన తొక్కుడులో కొంత ఆ స్ప్రింగే మింగేస్తుంది. గేర్లు 21 ఉన్నాయా అని లెక్కపెట్టకు, వెనక పళ్ళ చక్రాల్లో అన్నిటికంటే పెద్దది ఎంత పెద్దదో చూడు. ఎత్తులు ఎక్కించేది అదే. డిస్క్ బ్రేకులు వైరుతో లాగేవైనా చాలు. ఆయిల్‌వి మెత్తగా పడతాయి, కానీ లోపల గాలి దూరితే తీయడం తెలిసినవాడు దగ్గర్లో ఉండాలి. నువ్వు మీ జేజి పోలిక, ఐదడుగుల రెండంగుళాలు. నీకు 15 అంగుళాల ఫ్రేము, 27.5 చక్రాలు సరిపోతాయి. బండికి అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడితే పైకడ్డీకీ నీకూ మధ్య మూడు వేళ్ళ ఎడం ఉండాలి.

వెనక పళ్ళ చక్రాలు బిగించిన తీరు ఫ్రీవీలా, క్యాసెట్టా అని అడుగు. ఫ్రీవీల్ రకంలో చైన్ వైపు బేరింగు ఇరుసు చివరన కాకుండా బాగా లోపలికి ఉంటుంది. గుంతల్లో దూకిస్తే ఇరుసు వంగుతుంది. నా సైకిల్ షాపు మూసేసిన రోజు అలా వంగినవి, విరిగినవి పాత ఇనుము వాడికి ఒక డబ్బా నిండా వేశాను. రోడ్డు మీదకైతే పర్వాలేదు. నువ్వు దూకిస్తావని నాకు తెలుసు.

ఇక ఆ ఫోటో. సెకండ్ హ్యాండ్ కొనడం తప్పని నేననను. కానీ ఆ బండికి మ్యాట్ నలుపు కొత్తగా కొట్టారు. ఫోటో పెద్దది చేసి చూడు. హ్యాండిల్ కింద మెడ దగ్గర నట్ల మీద కూడా రంగు పడింది. కంపెనీలో ఫ్రేముకు ముందు రంగు వేసి తర్వాత నట్లు బిగిస్తారు.

మీ నాయన గడ్డం కింద గాటు ఉంది కదా, చింతచెట్టు మీంచి పడ్డానని చెప్తాడు. చెట్టూ లేదు, ఏమీ లేదు. 1986లో నేను 220 రూపాయలు పెట్టి పాత సైకిల్ ఒకటి కొన్నాను. నాకు పంతొమ్మిదేళ్ళు, వాడికి పదమూడు. నల్లగా నిగనిగలాడే కొత్త పెయింటు, దాని మీద బంగారు గీతలు. బేరమాడి ముప్పై తగ్గించానని ఊరంతా చెప్పుకున్నాను. ఆ ఆదివారం ఇద్దరం గువ్వలచెరువు పోయి పాలకోవా కొన్నాం. తిరుగుదారిలో ఘాట్ దిగేటప్పుడు నేను తొక్కుతానని వాడు ఏడుపు మొహం పెట్టాడు. సరేనని నేను కోవా పొట్లం పట్టుకుని వెనక క్యారియర్ మీద కూచున్నాను.

రెండో మలుపులో టక్‌మని చిన్న చప్పుడు, కట్టె విరిగినట్టు. హ్యాండిల్ వాడి చేతుల్లోనే ఉంది, ముందు చక్రం పక్కకు దొర్లుకుంటూ పోతోంది. వాడు గడ్డం మీద పడ్డాడు. వెనకాల వస్తున్న లారీ డ్రైవర్ బ్రేకు కొట్టబట్టి ఈరోజు నువ్వు ఉన్నావు. ఆయనే మమ్మల్ని కడపకు తెచ్చి దింపాడు. ఆరు కుట్లు, ఒక పన్ను. కోవా పొట్లం మాత్రం నలగలేదు. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టలేదు.

మర్నాడు విరిగిన ఫోర్కు చూశాను. విరిగినచోట సగం గోధుమరంగు తుప్పు, సగం తెల్లగా కొత్త ఇనుము. అంటే సగం చాలాకాలం కిందటే చీలింది. దాన్ని కప్పడానికే రంగు. ఆ తర్వాతే నేను సైకిల్ పని నేర్చుకున్నాను.

ఇంకొక మాట. కొన్నరోజే సైకిల్ తుడుస్తుంటే నా గోటికి ఆ విరిగినచోటే సన్నటి గీత తగిలింది. పెయింటు మడత అనుకున్నాను. కాదు, అలా అనుకోవాలనుకున్నాను. తగ్గించిన ముప్పై రూపాయల గొప్ప పోతుందని. ఇది మీ నాయనకు ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే చెప్తున్నా, హ్యాండిల్ మెడ వెనక, కింద కడ్డీ అడుగున గోటితో గీరి చూడాలి. అక్కడ రంగు ముడతలు పడి ఉంటే బండి ముందు నుంచి దేన్నో గుద్దిందని అర్థం. పాత ఇనుము కొంచెం వంగి చెప్తుందేమో గానీ అల్యూమినియం పెద్దగా చెప్పదు. వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందని అమ్మేవాడంటే దండం పెట్టి వచ్చేయ్. ముందు బ్రేకు గట్టిగా పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే మెడలో లొడలొడ ఉందో లేదో చేతికి తెలుస్తుంది.

కంప ముళ్ళ సంగతి నీకు చెప్పనక్కర్లేదు. రెండు ట్యూబులు, పంచర్ సామాన్లు, చిన్న పంపు ఎప్పుడూ దగ్గరుంచుకో. హెల్మెట్ నీ ఇరవై వేలలో లెక్కేయొద్దు, అది నాది.

ఆదివారం ప్రొద్దుటూరు నుంచి మొదటి బస్సుకే వస్తాను. ఏడురోడ్ల దగ్గర నిలబడు. టార్చిలైటు, కిరసనాయిలు గుడ్డ నేను తెస్తాను. నేను వచ్చేదాకా వాడికి అడ్వాన్సు ఇయ్యొద్దు, బేరం అసలే మొదలుపెట్టొద్దు.

మీ పెద్దనాయన