నీళ్లలో పోయిన ఊరు, సీడీలో మిగిలిన పుస్తకం

(కంప్యూటర్ సందేహాలు – జవాబులు)

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కొల్లాపూర్ దగ్గర. మా పాత ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. మా బాపు బడిపంతులు. ఏ వాడకట్టులో ఎవరి ఇల్లు ఉండేది, ఏ బావి ఎవరిది, పీర్ల పండుగ ఎట్లా చేసేవాళ్లు, అన్నీ గుర్తు చేసుకొని 86 పేజీల పుస్తకం రాశాడు. 2004లో డీటీపీ (కంప్యూటర్‌లో టైపు, పేజీల కూర్పు) చేయించాం గానీ అచ్చు వేయించే స్తోమత లేకపోయింది. బాపు ఇప్పుడు లేడు. మొన్న ఆ సీడీ పెట్టి చూస్తే మూడు ఫైళ్లు ఉన్నాయి. పేజీలు కూర్చిన పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైలు తెరుచుకోవడం లేదు. వర్డ్ ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు కలగాపులగంగా వస్తున్నాయి. పీడీఎఫ్ మాత్రం నా ఫోన్‌లో కూడా చక్కగా తెరుచుకుంది. దీన్ని నమ్ముకోవచ్చా? నా మనవళ్ల కాలానికి కూడా ఉంటుందా? – ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: తమ్ముడూ, ముందు ఈ పత్రిక పక్కన పెట్టి ఆ మూడు ఫైళ్లనూ కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. ఇరవై ఏళ్లు దాటిన సీడీ ఇంకా పనిచేస్తోందంటే అదృష్టమే. రేపు పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. చేశారా? ఇక చదవండి.

నమ్ముకోవచ్చు. ఆ రోజుల్లో నల్లగొండలో గడియారం దగ్గర నాదీ డీటీపీ సెంటరే. మేమంతా తెలుగు టైపు కొట్టింది అను ఫాంట్లలో. అసలు ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన చోట తెలుగు ఆకారాలను కూర్చోబెట్టిన ఫాంట్లవి. ఆ ఫాంట్ ఉన్న మెషీన్‌లో ‘బావి’ అని కనిపించే మాట, లేని మెషీన్‌లో నాలుగు పిచ్చి గుర్తులైపోతుంది. మీ వర్డ్ ఫైలుకు జరిగింది అదే. పేజ్‌మేకర్‌దేమో ఇంకో కథ. 2001లో వచ్చిన 7వ వెర్షన్ తర్వాత దానికి కొత్త వెర్షన్ రాలేదు. ఆ సాఫ్ట్‌వేర్ పోయింది, ఫైళ్లు అనాథలయ్యాయి.

పీడీఎఫ్ అట్లా కాదు. దూరం పోయేవాడు సద్ది మూట కట్టుకున్నట్టు, తనకు కావలసిన అక్షరాలను వెంట కట్టుకొని బయల్దేరుతుంది. మీ ఫోన్‌లో అను ఫాంట్ లేదు కదా, అయినా బాపు రాసిన మాట సరిగ్గా కనిపించింది. అంటే ఫాంట్ ఆ ఫైలులోనే ఉంది. కంప్యూటర్‌లో కూడా చూసుకోవచ్చు: అక్రోబాట్ రీడర్‌లో ఫైల్ మెనూ, ప్రాపర్టీస్, ఫాంట్స్. ప్రతి ఫాంట్ పేరు పక్కన ‘ఎంబెడెడ్’ అనో ‘ఎంబెడెడ్ సబ్‌సెట్’ అనో ఉండాలి. సబ్‌సెట్ అంటే ఆ పుస్తకంలో వాడిన అక్షరాలను మాత్రమే మూట కట్టారని.

దీనికి మూలం అడోబీ కంపెనీని స్థాపించినవాళ్లలో ఒకరైన జాన్ వార్నాక్. ఏ సాఫ్ట్‌వేర్‌లో తయారైన కాగితమైనా ఏ కంప్యూటర్‌లోనైనా ఉన్నది ఉన్నట్టు కనిపించాలి, ప్రింటు కావాలి అని 1991లో ఒక చిన్న పత్రం రాశాడు. 1993లో పీడీఎఫ్ బయటికొచ్చింది. నా దృష్టిలో అంతకంటే పెద్ద సంగతి 2008లో జరిగింది. ఆ ఏడాది పీడీఎఫ్ అంతర్జాతీయ ప్రమాణమైంది, ఐఎస్ఓ 32000. దాని కట్టుబాట్లన్నీ బయట ఉన్నాయి కాబట్టి పీడీఎఫ్ తెరిచే సాఫ్ట్‌వేర్‌ను, అంటే రీడర్‌ను, ఎవరైనా తయారు చేసుకోవచ్చు. అందుకే క్రోమ్‌లో తెరుచుకుంటుంది, ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకుంటుంది, ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. రేపు ఆ కంపెనీ లేకపోయినా మీ ఫైలుకు పేజ్‌మేకర్ గతి పట్టదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2006లో నా హార్డ్ డిస్క్ పోయింది. ఒకామె తన భర్త రాసిన పద్యాలు రెండో ముద్రణ వేయిద్దామని వచ్చింది. బ్యాకప్ సీడీ ఉంది, ఫైలూ తెరుచుకుంది. కానీ కొత్త మెషీన్‌లో ఫాంట్ వెర్షన్ వేరు. వత్తులు ఒక చోట, అక్షరాలు ఒక చోట. పద్యంలో ఒక్క వత్తు పోతే ఛందస్సే పోతుంది కదా. ఆమె కుర్చీలో కూర్చొని స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయింది. నాకు నోట మాట రాలేదు. చివరికి మొదటి ముద్రణప్పుడు హైదరాబాద్ ప్రెస్సుకు పంపిన పీడీఎఫ్ నా పాత మెయిల్‌లో దొరికింది. దాని నుంచే అచ్చుకు కావలసిన ట్రేసింగ్ కాగితాలు తీశాం. ఒక్క అక్షరం చెదరలేదు. అప్పటి నుంచి నా సెంటర్‌లో పీడీఎఫ్ తీయకుండా ఏ పనీ ముగించలేదు.

అయితే ఒక లోటు చెప్పాలి. మీ పీడీఎఫ్‌లో ఉన్నది అక్షరాల రూపమే. ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టి చూడండి, మళ్లీ ఆ పిచ్చి గుర్తులే వస్తాయి. మీ మనవడు తన ముత్తాత పేరు కొట్టి వెతికితే దొరకదు. కాబట్టి 86 పేజీలనూ యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోనైనా, ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతిలోకి, మార్పించండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మీ వర్డ్ ఫైలు ఇక్కడే పనికొస్తుంది, దాన్ని పారేయకండి. కన్వర్టర్ తప్పులు చేస్తుంది. పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకొని ఇంటిపేర్లు, బావుల పేర్లు ఒక్కొక్కటిగా సరిచూడండి. ఆ ఊరి మనిషి, పెద్ద వయసు వాళ్లెవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. సరిచూశాక వర్డ్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లో ‘పీడీఎఫ్/ఏ’ దగ్గర టిక్ పెట్టండి. ఎన్నో ఏళ్లు దాచాల్సిన కాగితాల కోసం 2005లో వచ్చిన ప్రమాణం అది. ఫాంట్లన్నీ లోపలే ఉండాలి, పాస్‌వర్డ్ తాళం ఉండకూడదు అనేవి దాని నియమాలు. పాత పీడీఎఫ్, కొత్తది రెండూ ఉంచండి. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న మీ తోబుట్టువు దగ్గర.

ప్రశ్న: నేను డౌన్‌లోడ్ చేసిన సర్టిఫికెట్‌లో సంతకం మీద పసుపు రంగు ప్రశ్నార్థకం వస్తోంది. అది నకిలీదేమోనని టెన్షన్‌గా ఉంది. – విశ్రాంత ఉపాధ్యాయుడు, సూర్యాపేట

జవాబు: టెన్షన్ వద్దు సార్. ఆ గుర్తుకు అర్థం నకిలీ అని కాదు. సంతకానికి పూచీ ఇచ్చిన సంస్థ మీ రీడర్‌కు ఇంకా పరిచయం లేదు, అంతే. ప్రభుత్వ సైట్ నుంచి మీరే స్వయంగా దింపుకున్న ఫైలైతే, కంప్యూటర్‌లో ఆ సంతకం మీద రైట్ క్లిక్ చేసి వ్యాలిడేట్ చేయండి, సర్టిఫికెట్‌ను నమ్మకమైన వాటిలో చేర్చండి. ఎవరో వాట్సాప్‌లో పంపిందైతే మాత్రం చేర్చకండి. ఇంకో మాట: ప్రింటు తీసి, మళ్లీ స్కాన్ చేసి పంపితే డిజిటల్ సంతకం పోతుంది, దాని బొమ్మ మిగులుతుంది. అడిగినవాళ్లకు అసలు ఫైలే పంపండి.

ప్రశ్న: అమ్మ వంటల నోటు పుస్తకం ఫోన్‌తో స్కాన్ చేసి పీడీఎఫ్ చేశాను. ‘సకినాలు’ అని వెతికితే దొరకడం లేదు. – గృహిణి, మిర్యాలగూడ

జవాబు: అవి ఫొటోలమ్మా, అందులో అక్షరాలు లేవు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అచ్చు తెలుగును చాలావరకు గుర్తుపడుతుంది. చేతిరాత దగ్గర తడబడుతుంది. మీరే టైపు చేసుకోవడం మేలు. స్కాన్ మాత్రం తీసేయకండి, అమ్మ చేతిరాత ఉన్నది అందులోనే.