నేపుల్స్‌కి అమ్మానాన్నలతో వెళ్ళే ముందు

చి. సింధుకి,

ఆశీస్సులు. అన్నయ్యా వదినా మ్యూనిక్ వచ్చినప్పుడు వాళ్ళని నాలుగు రోజులు ఇటలీలోని నేపుల్స్ తీసుకెళ్తానన్నావు. ఊరు బాగానే ఎంచుకున్నావు గానీ నువ్వు పంపిన ప్లానే బాగోలేదు. పాంపే శిథిలాలు, వెసూవియస్ అగ్నిపర్వతం, కాప్రి ద్వీపం, సొరెంటో, అమాల్ఫి అన్నీ నాలుగు రోజుల్లో కుక్కితే రాత్రి నేపుల్స్‌లో పడుకుంటారు తప్ప నేపుల్స్ చూడరు. అమాల్ఫి కొండ మలుపుల్లో కిక్కిరిసిన బస్సు వదినకి పడదు. కాప్రికి పడవ దగ్గర ఒక క్యూ, దిగాక పైకెక్కే రైలు దగ్గర ఇంకో క్యూ. ఆ రెండూ కొట్టెయ్. ఊరికి రెండు రోజులు, పాంపేకి ఒక రోజు ఉంచి, మిగిలిన పూట ఖాళీగా వదిలెయ్. పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు ఆ ఖాళీ పూట ఎలాగూ ఖర్చయిపోతుంది.

ముందు వారాలు చూసుకో. ఆర్కియలాజికల్ మ్యూజియం, సాన్సెవెరో చాపెల్ రెండూ మంగళవారం మూసేస్తారు. ఊళ్ళో ముఖ్యంగా చూడాల్సినవి ఆ రెండే కాబట్టి మంగళవారం పడేలా టికెట్లు తియ్యకు. పడితే ఆ రోజు పాంపే పెట్టుకో. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలకీ పాంపేకీ ప్రవేశం ఉచితం. ఉచితం కదా అని వెళ్తే గేటు దగ్గరే గంట పోతుంది. బుధవారం సాయంత్రం దిగి ఆదివారం మధ్యాహ్నం తిరిగి వచ్చేలా చూస్తే అన్నీ కుదురుతాయి. ఏప్రిల్, మే గానీ సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మధ్య దాకా గానీ మంచి కాలం. ఆగస్టు వద్దేవద్దు. ఎండ సంగతి అలా ఉంచు, నెల మధ్యలో వాళ్ళ పండగకి సగం కొట్లు తాళం వేసుకుని పోతారు. నవంబరులో వానలు.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. అన్నయ్య వాళ్ళకి జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా ఇటలీకీ పనికొస్తుంది. అప్లికేషన్‌లోనే నాలుగు రోజుల ఇటలీ ప్రయాణం రాయించు. ఎక్కువ రోజులు జర్మనీలోనే కాబట్టి చిక్కేమీ లేదు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేది ఉండాలి. మ్యూనిక్ నుంచి విమానం గంటన్నరే, మధ్యలో ఇమిగ్రేషన్ ఉండదు. అయినా ముగ్గురి అసలు పాస్‌పోర్టులూ, నీ రెసిడెన్స్ పర్మిట్ కార్డూ చేతిలో ఉండాలి. హోటల్ వాళ్ళు అవి చూసి పోలీసులకి వివరాలు పంపాలి, అది అక్కడి చట్టం. ఫోన్లో ఫోటో చూపిస్తే ఒప్పుకోరు.

మన పేర్లతో వచ్చే తంటా ఒకటుంది. పాంపే టికెట్లు ఇప్పుడు మనిషి పేరు మీదే ఇస్తారు, గేటు దగ్గర గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. ముగ్గురికీ నీ పేరే కొట్టెయ్యకు. ఇటాలియన్ ఫారంలో 'నోమె' అన్న గడిలో పెట్టిన పేరు, 'కొన్యోమె' అన్న గడిలో ఇంటిపేరు రాయాలి. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టు, ఇంటిపేరుని పొడి అక్షరం చెయ్యకు. రోజుకి 20,000 మందినే లోపలికి వదులుతారు, అందుకే టికెట్ ముందే తీసుకోవాలి. దానికన్నా ముందు కొనాల్సింది సాన్సెవెరో చాపెల్ టికెట్. చిన్న గది, గంటకింతమంది అని లెక్క. సీజన్‌లో చాలా ముందే అయిపోతాయి. లోపల 1753లో జుసెప్పె సన్మార్తీనో చెక్కిన క్రీస్తు శిల్పం ఉంది. దేహం మీద కప్పిన పల్చటి బట్టా, బట్ట కింద కనిపించే నుదుటి నరమూ అంతా ఒకే పాలరాయి. ఫోటోలు తియ్యనివ్వరు. అరగంట చాలు, కానీ ఆ అరగంట దొరక్కపోతే ఊరు వెళ్ళిన పని సగం చెడినట్టే.

గది దాంతే మెట్రో స్టేషన్ దగ్గర తీసుకో. మ్యూజియం నడక దూరం, పాత ఊరు పక్కనే, తొలేదో వీధి పెద్దగా ఎత్తుపల్లాలు లేకుండా ఉంటుంది. రైల్వేస్టేషన్ ఎదుట చవకగా దొరుకుతాయి గానీ రాత్రిళ్ళు గోల. స్పానిష్ క్వార్టర్స్ అనే పాతపేట ఫోటోల్లో ముచ్చటగా ఉంటుంది, నిజానికి నిట్టనిలువు సందులు, మోకాళ్ళ మధ్యలోంచి దూసుకుపోయే స్కూటర్లు. గది పాత భవంతిలో మూడో నాలుగో అంతస్తులో ఉండొచ్చు కాబట్టి లిఫ్టు ఉందా అని రాసి అడుగు. కొన్ని పాత లిఫ్టుల్లో చిల్లర నాణెం వేస్తే తప్ప కదలదు. 10, 20 సెంట్ల నాణేలు నాలుగు జేబులో ఉంచుకో, లేకపోతే సూట్‌కేసులు మొయ్యాలి. తలకి రాత్రికి ఇంతని సిటీ టాక్స్ విడిగా ఉంటుంది, చాలాచోట్ల నగదే అడుగుతారు.

ఎయిర్‌పోర్టు నుంచి అలీబస్ అనే బస్సు రైల్వేస్టేషన్‌కీ రేవుకీ వెళ్తుంది. మీరు ముగ్గురూ, సామానూ ఉంటుంది కాబట్టి టాక్సీయే మేలు. తెల్ల టాక్సీ, లైనులో నిలబడి ఎక్కు. ఊళ్ళోకి నిర్ణయించిన ధరలున్నాయి, ఆ పట్టీ బండిలోనే ఉంటుంది. అయితే ఎక్కేటప్పుడే 'తరిఫ్ఫా ఫిస్సా', అంటే నిర్ణయించిన ధర, అని అడగాలి. బండి కదిలాక అడిగితే మీటరే. బయట 'టాక్సీ, టాక్సీ' అంటూ వెంటపడేవాళ్ళ జోలికి పోకు. కారు అద్దెకి తీసుకునే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. పాత ఊళ్ళో చాలా వీధుల్లోకి బయటి బండ్లు రాకూడదు, కెమెరా పట్టేస్తే జరిమానా కాగితం నెలల తర్వాత ఇంటికొస్తుంది.

ఇక పాంపే. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలి పూడ్చేసిన ఊరు. సుమారు 160 ఎకరాలు, అందులో మూడింట రెండు వంతులు తవ్వారు. నీడ దాదాపు లేదు, దారంతా ఎగుడుదిగుడు బండలు. అందరూ చేసే పని సర్కుంవెసువియానా అనే లోకల్ రైలెక్కి 'పాంపే స్కావి - విల్లా దెయ్ మిస్తేరి' స్టేషన్లో దిగి, ఎదురుగా పోర్తా మరీనా గేటులోంచి ఏటవాలు దారి ఎక్కడం. వదినతో నువ్వు దీన్ని తిరగెయ్యి. నేపుల్స్ సెంట్రల్ నుంచి మామూలు రైల్వే రీజినల్ బండిలో 'పాంపే' స్టేషన్‌కి వెళ్ళు, ముప్పావు గంట లోపే. అక్కడి నుంచి కొంచెం నడిస్తే ఆంఫీథియేటర్ వైపు గేటు వస్తుంది, జనం తక్కువ. నడవలేనివాళ్ళ కోసం చదును చేసిన దారి అక్కడే మొదలై ఊరి మధ్య దాకా పోతుంది. తొమ్మిదింటికి గేటు తెరిచేసరికి అక్కడుంటే పన్నెండున్నరకి ఊరి నడిబొడ్డున ఉన్న ఫోరం అనే మైదానం చేరి, పోర్తా మరీనా నుంచి కిందికి దిగిపోవచ్చు. తిరుగు రైలు ఎదురుగా ఉన్న 'పాంపే స్కావి' స్టేషన్లోనే. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మీరు బయట పడతారు. ఒకసారి బయటికొస్తే మళ్ళీ లోపలికి రానివ్వరు, కాబట్టి టాయిలెట్టూ భోజనమూ ముందే ఆలోచించుకో. 30 సెంటీమీటర్లు మించిన సంచి గేటు దగ్గర ఆపేస్తారు. నీళ్ళ సీసా ఖాళీది తెచ్చుకున్నా చాలు, లోపల వీధి మూలల్లో కుళాయిలున్నాయి, నీళ్ళు తాగొచ్చు.

అన్నీ చూడాలని పరిగెత్తకండి. అబొందాంజా వీధి వెంట మెల్లగా నడవండి. వీధికి అడ్డంగా ఎత్తైన రాళ్ళు రెండో మూడో వేసి ఉంటాయి. వీధిలో మురుగూ వాననీరూ పారేవి, జనం ఆ రాళ్ళ మీదుగా దాటేవాళ్ళు. రాళ్ళ మధ్య ఖాళీల్లోంచి బండి చక్రాలు పోయేవి. ఆ ఖాళీల్లో బండ మీద అరిగిన గాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి, అన్నయ్యకి చూపించు. రొట్టెల బట్టీల ముందు లావా రాతి తిరగళ్ళున్నాయి, వాటి దగ్గర వదిన ఎలాగూ ఆగుతుంది. వెట్టీల ఇల్లు 2023లో మళ్ళీ తెరిచారు, గోడల మీది రంగుల చిత్రాలు చూడాలంటే అదే. ఫాన్ ఇంట్లో నేల మీద కనిపించే అలెగ్జాండర్ మొజాయిక్ (రంగురాళ్ళు పేర్చిన చిత్రం) నకలు, అసలుది నేపుల్స్ మ్యూజియంలో ఉంది.

వదిన మోకాళ్ళు మరీ సహకరించవంటే పాంపే మానేసి హెర్క్యులేనియం వెళ్ళండి. సర్కుంవెసువియానా మార్గంలోనే 'ఎర్కొలానో స్కావి' స్టేషన్, 20 నిమిషాల ప్రయాణం. స్టేషన్ నుంచి తిన్నగా దిగుడు దారి, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కుడు, దానికి టాక్సీ పెట్టుకో. రెండు గంటల్లో తీరిగ్గా అయిపోతుంది. నిజం చెప్పాలంటే ఇళ్ళు ఎలా ఉండేవో ఇక్కడే బాగా తెలుస్తుంది. పాంపే మీద మొదట నురగరాళ్ళు గంటల తరబడి కురిసి, ఆ బరువుకి కప్పులు కూలాయి. హెర్క్యులేనియం మీదికి నిప్పులాంటి వాయువూ బూడిదా ఒక్కసారిగా దొర్లుకొచ్చి కలపని బొగ్గు చేసేశాయి, ఆపైన సుమారు 20 మీటర్ల మందాన గట్టిపడిపోయింది. అందుకే తలుపులూ దూలాలూ మేడగదులూ మిగిలాయి. ఒకే రోజున రెండూ మాత్రం వద్దు.

సర్కుంవెసువియానాలో సీటు గ్యారంటీ లేదు, ఏసీ ఉంటే అదృష్టం. జేబుదొంగలకి అది సొంత ఇల్లు. పొద్దున ఎక్కాల్సి వస్తే సెంట్రల్ స్టేషన్ దగ్గరి గరిబాల్దిలో కాకుండా, బండి బయల్దేరే పోర్తా నొలానాలో ఎక్కు, కూర్చోవడానికి చోటుంటుంది. ఎక్కింది సొరెంటో బండేనా అని చూసుకో. పొజ్జోమరీనో బండి వేరే పాంపే స్టేషన్‌కి తీసుకెళ్తుంది. శుక్రవారాల్లో సమ్మెలు తరచూ ఉంటాయి, ముందురోజు రాత్రి చూసుకుని పడుకో. వదిన గొలుసులూ గాజులూ మ్యూనిక్‌లోనే బీరువాలో పెట్టించు. మంగళసూత్రం తియ్యనంటే మెడ మూసే జాకెట్టు లోపల ఉండనీ. ఫోన్ చేత్తో ఊపుకుంటూ రోడ్డు పక్కన నడవొద్దని అన్నయ్యకి చెప్పు.

మ్యూజియంలో పాంపే గోడ చిత్రాలూ మొజాయిక్‌లూ ముందు చూడండి, కింద ఫర్నేసె కుటుంబం సేకరించిన శిల్పాలు తర్వాత. ఇంకొకటుంది, మనవాళ్ళు తప్పక చూడాల్సింది. 1938లో పాంపేలో అబొందాంజా వీధి ఇంట్లో దొరికిన భారతీయ ఏనుగుదంతం బొమ్మ, ఎత్తు సుమారు 25 సెంటీమీటర్లు. మొదట్లో లక్ష్మి అన్నారు, యక్షి అని చాలామంది పండితుల మాట. ఇలాంటివే శాతవాహనుల రాజ్యంలోని భోకర్దన్‌లో దొరికాయి. చిక్కేమిటంటే దాన్ని పెట్టింది 'గబినెత్తో సెగ్రెతో' అనే రహస్య గదిలో, చుట్టూ ఉన్నవన్నీ పెద్దలకు మాత్రమే అనదగ్గ బొమ్మలు. అమ్మానాన్నలతో కలిసి వెళ్తావో, వాళ్ళనే ముందు పంపుతావో నీ ఇష్టం.

తిండి దగ్గర పేర్లు మోసం చేస్తాయి. మరినారా పిజ్జా అంటే చేపలుంటాయనుకుంటారు. అందులో ఉండేది టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. చీజ్ కూడా ఉండదు. 'జెనొవేసె' అంటే పెస్తో (ఆకుల పచ్చడి) అనుకుని చెప్తే ఉల్లిపాయల్లో గంటల తరబడి మగ్గిన గొడ్డుమాంసం వస్తుంది. 'రగూ' కూడా మాంసమే. ఫ్రియరియెల్లి మంచి ఆకుకూర, సాసేజ్ లేకుండా అని చెప్పాలి. ఆలుగడ్డతో చేసే క్రొకె అనే వేపుడులో పంది మాంసం ముక్కలుండొచ్చు, అడగండి. ఘుమఘుమలాడే స్ఫొల్యతెల్లా మిఠాయి పొరల్లో పందికొవ్వు వాడడం పాత పద్ధతి, మిరియాల తరాల్లి బిస్కెట్ల సంగతీ అంతే. వదినకి అవి వద్దు. ఎండు పాస్తాలో గుడ్డుండదు, తాజా పాస్తాలో తరచూ ఉంటుంది. 'సెంట్సా కార్నె, సెంట్సా పెషె' అంటే మాంసం లేకుండా, చేప లేకుండా అని. ఈ రెండు మాటలూ కంఠతా పట్టు. పిజ్జా మనిషికొకటి, ముక్కలు చేసి ఇవ్వరు, నడుమ తడిగా జారుతూ ఉంటుంది, కత్తీ ఫోర్కూతో తినాలి. పేరున్న చోట్ల తలుపు దగ్గర నంబర్ తీసుకోకుండా నిలబడితే సాయంత్రం దాకా నిలబడే ఉంటావు. మధ్యాహ్నం పన్నెండున్నర లోపు వెళ్తే తిప్పలుండవు. ఆవకాయ సీసా చేతి సంచిలో పెట్టకు, అదీ ద్రవం కిందే లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే చాలాచోట్ల తీసేస్తారు. కందిపొడి తెచ్చుకోండి.

కాఫీ బార్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. చాలాచోట్ల ముందు కౌంటర్లో డబ్బు కట్టి, ఆ చీటీ చూపించాలి. ఇచ్చే గ్లాసెడు నీళ్ళు కాఫీకి ముందు తాగడానికి. కప్పుని మరుగునీళ్ళలోంచి తీసి ఇస్తారు, అంచు పెదవికి చురుక్కుమంటుంది, అన్నయ్యకి ముందే చెప్పు. అన్నయ్యకి కావలసిన పాలకాఫీకి దగ్గరిది కాపుచీనో. టీ మాత్రం వేడినీళ్ళూ సంచీ ఇచ్చి నిమ్మచెక్క పెడతారు. గదిలో కెటిల్ ఉందో లేదో అడిగి, టీపొడీ పాలపొడీ వెంట ఉంచు.

చెప్పులతో నడవడం కుదరదు, వీధుల్లో పరిచింది నల్లటి లావా రాయి, చినుకు పడితే జారుతుంది. చీర మీద అయినా సరే, స్పోర్ట్స్ బూట్లే వేయించు. సాయంత్రం సముద్రం చూడాలంటే 'కరచ్చోలో' అనే తీరం రోడ్డు వెంట నడవొచ్చు, కూర్చోడానికి గట్లూ ఉన్నాయి. పడవ ఎక్కాలన్న ముచ్చట ఉంటే మిగిలిన పూట ప్రోచిదా ద్వీపానికి వెళ్ళండి, వేగం పడవలో 40 నిమిషాలే. గాలి లేస్తే ముందు ఆపేది ఆ చిన్న పడవల్నే, పెద్ద ఫెర్రీలు నడుస్తాయి. అవి పక్క రేవు, పోర్తా ది మాస్సా నుంచి.

చాపెల్ టికెట్ దొరికిన తేదీ చూసుకుని ఆ తర్వాతే విమానం టికెట్లు తియ్యి. వదిన ఇప్పుడు రోజూ ఎంతసేపు నడవగలుగుతోందో కనుక్కుని నాకు రాయి, పాంపేనా హెర్క్యులేనియమా అన్నది తేల్చేద్దాం.

మీ బాబాయి