మా పాప నరాల డాక్టర్ అవుతానంటోంది, అన్నేళ్లు చదివించగలమా?

కవిటి మండలం నుంచి ఒక తల్లి రాశారు. భర్తకి కిడ్నీ జబ్బు, డయాలసిస్ మీద ఉన్నారు. మొన్న వేసవిలో ఒక రాత్రి ఉన్నట్టుండి ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టకుండా ఏదేదో మాట్లాడారట, గాలి సోకిందని చుట్టుపక్కలవాళ్లు అన్నా వినకుండా ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ డాక్టర్ చేతులు ముందుకి చాపి అరచేతులు పైకెత్తమంటే అవి రెక్కల్లా టపటపా కొట్టుకున్నాయట. రెండు డయాలసిస్‌లు అయ్యాక మనిషి మామూలయ్యారు. పక్కనే ఉండి అంతా చూసిన కూతురు, ఇంటర్ సెకండియర్ బైపీసీ, న్యూరాలజీయే చదువుతానంటోంది. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసే నేను అన్నేళ్లు చదివించగలనా అని ఈమె అడుగుతున్నారు.

అమ్మా, ఆ రాత్రి మీరు ఎవరి మాటా వినకుండా బయల్దేరారు చూడండి, ఆయన్ని కాపాడింది ముందు అదే. ఇక పాప సంగతి. నరాల డాక్టర్ అంటే పక్షవాతం, ఫిట్స్ ఇంతే అనుకుంటాం గానీ పెద్దాస్పత్రుల్లో న్యూరాలజిస్ట్‌కి కిడ్నీ వార్డు, లివర్ వార్డు, క్యాన్సర్ వార్డు, ఐసీయూ అన్నిచోట్ల నుంచీ పిలుపులొస్తాయి, జబ్బు ఇంకెక్కడో ఉంటుంది, దెబ్బ మెదడు మీద పడుతుంది. మీ పాప చూసింది సరిగ్గా ఆ పనే.

అందులో కష్టమేంటో చెప్తాను, పాపకి కూడా చదివి వినిపించండి. ఒంట్లో మలినాలు పేరుకుంటే చేతులు అలా కొట్టుకుంటాయి నిజమే, కానీ లివర్ పాడైనా అలాగే కొట్టుకుంటాయి, కాబట్టి చెయ్యి చూసి అక్కడితో ఆగిపోలేరు. సెఫెపైమ్ అని ఒక యాంటీబయాటిక్ ఉంది, కిడ్నీలు పనిచెయ్యనివాళ్లకి డోసు తగ్గించకపోతే ఒంట్లోనే నిలిచిపోయి మనిషిని మగతలోకి తీసుకెళ్తుంది, ఒక్కోసారి పైకి కాలూ చెయ్యీ కొట్టుకోకుండానే లోపల ఫిట్స్ నడుస్తుంటాయి, తలకి వైర్లు అతికించి మెదడు పనితీరు చూసే ఈఈజీ తీస్తే తప్ప తెలీదు. అరికాళ్ల మంటకి ఇచ్చే ప్రీగాబాలిన్‌తోనూ ఇదే బెడద. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కదా, అలాంటి మనిషి బాత్రూంలో జారిపడితే తలలో నెమ్మదిగా రక్తం చేరి కొన్నాళ్లకి ఇలాగే తికమకగా మాట్లాడొచ్చు, అప్పుడు సీటీ స్కాన్ కావాలి. సోడియం పడిపోయినా ఇంతే, పోనీ దాన్ని గబగబా పెంచేద్దామంటే మెదడుకి ఇంకో దెబ్బ తగులుతుంది. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, ఒకదానికి డయాలసిస్, ఒకదానికి మందు ఆపెయ్యడం, ఇంకోదానికి ఆపరేషన్ కూడా కావొచ్చు. ఏదో తేల్చాలంటే మిషన్ల కంటే ముందు ఇంట్లోవాళ్లని ఓపిగ్గా అడగాలి, ఎప్పుడు మొదలైంది, కొత్త మందు ఏమైనా వేశారా, ఎక్కడైనా పడ్డారా అని.

అందుకే మామూలు దారిలో ముందు ఒళ్లంతా నేర్చుకుని తర్వాతే మెదడు దగ్గరికి వస్తారు. నీట్ రాసి ఎంబీబీఎస్ 4.5 ఏళ్లు, ఇంటర్న్‌షిప్ 1 ఏడాది, ఆ తర్వాత ఎండీ జనరల్ మెడిసిన్ 3 ఏళ్లు, పిల్లల వైద్యంలో ఎండీ చేసినా పర్లేదు, ఆపైన డీఎం న్యూరాలజీ 3 ఏళ్లు. డీఎం విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఉంది, తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ ఉంది. మొత్తం 11.5 ఏళ్లు అంటే గుండె జారుతుంది, కానీ ఇంటర్న్‌షిప్ నుంచి స్టైపెండ్ వస్తుంది, ఎండీ, డీఎంలో కూడా వస్తుంది, గవర్నమెంట్ సీటు వస్తే మీరు గట్టిగా మోయాల్సింది మొదటి 4.5 ఏళ్లే. సీటు రాకపోతే ఒక్క ఏడాది లాంగ్ టర్మ్ పెట్టించండి. తోట అమ్మి మేనేజ్‌మెంట్ సీటు మాత్రం కొనొద్దు అమ్మా, ఆ తర్వాత ఎండీకి, డీఎంకి మళ్లీ పోటీ పరీక్షలున్నాయి, అప్పటికి చేతిలో ఏమీ మిగలదు.

సీటు రాలేదంటే ఆ మంచం దగ్గర పాపకి చోటు లేదని కాదు. ఈఈజీ టెక్నీషియన్ వైర్లు సరిగ్గా అతికించకపోతే డాక్టర్‌కి ఏమీ కనిపించదు. పక్షవాతం వచ్చినవాళ్లు నీళ్లు మింగగలరో లేదో చూసేది స్పీచ్ థెరపిస్ట్, నెలల తరబడి ఐసీయూలో ఉండి కండలు కరిగిపోయినవాళ్లని నిలబెట్టేది ఫిజియో. న్యూరో ఐసీయూలో నర్సు గంట గంటకీ టార్చి వేసి కంటిపాపలు చూస్తుంది, ఒక కంటిపాప పెద్దదైందని ముందు కనిపెట్టేది చాలాసార్లు ఆ నర్సే. బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు, వీటిలో దేన్నీ నేను చిన్నగా చూడను.

పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి మొదలైంది, అయినా మీ కవిటి ఉన్న ఉద్దానంలో ఇంతమందికి ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా పూర్తిగా తేలలేదు, అక్కడ పుట్టి పెరిగిన పిల్ల ఈ చదువు కోరుకుంటోందంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఇప్పుడైతే న్యూరాలజీ అని మనసులో గట్టిగా రాసుకోవద్దని చెప్పండి, ముందు నీట్. ఈలోగా ఒక పని ఇవ్వండి, నాన్నగారి మందులన్నీ డోసుతో సహా ఒక నోట్‌బుక్‌లో రాయమనండి, నిద్ర ఎలా ఉంది, మాట తేడాగా ఉందా, ఎప్పుడైనా పడ్డారా అవి కూడా తేదీ వేసి. జ్వరానికి ఊళ్లో చూపించుకున్నా సరే ఆ బుక్ చూపించి, డయాలసిస్ మీద ఉన్నారని ముందే చెప్పాలి. మళ్లీ ఎప్పుడైనా మాట తడబడితే తెల్లారేదాకా ఆగకుండా బుక్ పట్టుకుని ఆస్పత్రికి బయల్దేరండి.