పాఠకుల ప్రశ్నలు: సైకిలు యాత్రికుడికి ఎదురు వెళ్లేముందు

ప్రశ్న: మేము పాండర్‌కవడాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల వాళ్లం. మాతో కలిసి చదువుకున్న మిత్రుడు శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి ఒంటరిగా సైకిలు మీద వెళుతున్నాడు. కార్తీక మాసంలో నాగపూర్ దాటి మా ఊరి మీదుగా సాగుతాడు. పొలిమేరలో బ్యాండు మేళం, పూలదండలు, శాలువా, చిన్న సభ ఏర్పాటు చేయాలని, మర్నాడు పెన్‌గంగ వంతెన దాకా ఇరవై మోటారు సైకిళ్లతో ఊరేగింపుగా సాగనంపాలని మాలో కొందరి పట్టుదల. ఇదంతా అతనికి ఇబ్బందేనని మరికొందరి వాదన. మీరేమంటారు?
— మిత్రబృందం, పాండర్‌కవడా, యవత్‌మాళ్ జిల్లా

జవాబు: రెండో పక్షం వారి మాటే నాకు సబబుగా తోస్తోంది. అలాగని మొదటి పక్షం వారి ఉత్సాహాన్ని తీసిపారేయనక్కరలేదు; చోటూ వేళా మార్చుకుంటే అదే అతనికి ఎంతో అక్కరకు వస్తుంది.

ముందుగా ఆ రోజు అతనికి ఎలా గడుస్తుందో లెక్క వేసి చూడండి. నాగపూర్ నుంచి మీ ఊరికి 44వ నంబరు జాతీయ రహదారి మీద (2010లో నంబర్లు మార్చినా మీ ఊరి పెద్దవాళ్లు ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డనే అంటూ ఉంటారు) దాదాపు 150 కిలోమీటర్లు. సామాను కట్టిన సైకిలును గంటకు పద్దెనిమిది, ఇరవై కిలోమీటర్ల చొప్పున తొక్కేవాడికి తొక్కడానికే ఏడెనిమిది గంటలు పడుతుంది. టిఫినుకు, నీళ్లకు, ఒక పంక్చరుకు ఆగే సమయం కలుపుకుంటే పొద్దున ఆరింటికి బయలుదేరినవాడు సాయంత్రం నాలుగైదు గంటలకు గానీ మీ ఊరు చేరడు. చేరినవాడికి కావలసింది వేడి నీళ్ల స్నానం, కడుపు నిండా అన్నం, బట్టలు ఉతుక్కోవడానికి ఒక బకెట్టు, పెందలాడే పడక. బకెట్టు మాట వేళాకోళానికి అనడం లేదు. అడుగున మెత్త కుట్టిన సైకిలు నిక్కరును ఆ రాత్రే ఉతికి ఆరేసుకోకపోతే చెమట ఉప్పు, సీటు రాపిడి కలిసి తొడల మూలాల్లో పుండ్లు పడతాయి. కాళ్లలో సత్తువ ఉండి కూడా ఈ పుండ్ల మూలంగా యాత్ర మానుకున్నవాళ్లున్నారు. శాలువా సభకు మీరు తీసుకునే గంటన్నర అతని నిద్రలోంచి పోయేదే.

మీరు అవసరమయ్యే చోటు ఊరి పొలిమేర కాదు, మిట్టమధ్యాహ్నం దారిలోని వడకీ ఊరి పరిసరాలు. హింగణ్‌ఘాట్ దాటాక రెండు పక్కలా పత్తి చేలు, జిన్నింగు మిల్లులకు పోయే పత్తి బళ్లు, ఎదురుగా ఎప్పటికీ తరగనట్టు కనిపించే రోడ్డు. పొద్దుటి హుషారు అప్పటికి అయిపోయి ఉంటుంది, సాయంత్రం ఇంకా రాదు. శరీరం సంగతి కూడా అంతే. కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉండే పిండిపదార్థం నాలుగైదు వందల గ్రాములకు మించదు. రెండు మూడు గంటలు గట్టిగా తొక్కితే చాలావరకు కరిగిపోతుంది. అది అడుగంటితే కాళ్లు బిగుసుకున్నట్టవుతాయి, చేతులు వణుకుతాయి, కారణం లేకుండా ఏడుపు రావడం కూడా ఉంది. అందుకే దారిలో గంటకు ముప్ఫై నుంచి అరవై గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతూ ఉండాలంటారు. ఒక మోస్తరు అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది.

కాబట్టి మీలో ఇద్దరు, ఇద్దరే, అరటిపళ్లు, నాగపూరు కమలాలు, కాస్త ఉప్పెక్కువగా కలిపిన పెరుగన్నం, ఉడికించిన బంగాళాదుంపలు పట్టుకుని ఆ వేళకు అక్కడికి వెళ్లండి. నూనె తేలే తర్రీతో (కారం పులుసుతో) తినే అటుకుల పోహా మన ప్రాంతానికి గర్వకారణమే గాని, ఇంకా ఎంతో దూరం తొక్కవలసినవాడి పొట్టకు అది గర్వకారణం కాదు. నీళ్లు ఒక్కటే లీటర్ల కొద్దీ తాగిస్తే రక్తంలో ఉప్పు పలచబడి అదొక ప్రమాదం. లీటరు నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాకు తలకొట్టి కొలిచి కలిపిన నీళ్లు తీసుకెళ్లండి.

ఎక్కడ నిలబడాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. అతను వచ్చే వైపునే, రోడ్డుకు ఎడమ పక్కన, ఏదైనా చిన్న ఎత్తు ఉంటే దాని కొసన నిలబడండి. ఎత్తు ఎక్కేటప్పుడు సైకిలు నడక వేగానికి కొంచెం ఎక్కువగా పోతుంది; మీ ముఖాలు కనిపిస్తాయి, పేరు పెట్టి పిలిస్తే వినిపిస్తుంది, ఎలాగూ అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగుతాడు. ఎత్తు మొదట్లో నిలబడి ఆపితే, వాలులో కూడగట్టుకున్న వేగమంతా వృథా చేసుకుని మళ్లీ సున్నా నుంచి ఎక్కాలి. ఇక వాలులో నలభై కిలోమీటర్ల వేగంతో దిగేవాడికి దండ చేతబట్టుకుని అడ్డం వెళ్లడం కంటే పొరపాటు లేదు.

మోటారు సైకిళ్ల ఊరేగింపు మాత్రం వద్దు. లారీలు జోరుగా పోయే రహదారిలో ఇరవై బళ్లు సైకిలు వేగంతో పక్కపక్కనే పోతే వెనక వచ్చే లారీ డ్రైవరుకు అసలు సైకిలే కనబడదు. పైగా వెనకనుంచి ఆ హారన్ల మోత వింటూ ఎవరూ తమ నడకన తాము తొక్కలేరు, తెలియకుండానే వేగం పెంచేస్తారు. సాగనంపాలని అంత ఉంటే సైకిళ్ల మీదే రండి, అలవాటున్న ముగ్గురు నలుగురు చాలు. ముందు తొక్కేవాడు గాలికి అడ్డుగా ఉంటే వెనకవాడికి శ్రమ పావువంతు దాకా తగ్గవచ్చు. కాని అతని వేగానికే మీరు తగ్గాలి. మీ ముందు చక్రం ఎదుటివారి వెనక చక్రం పక్కకు చొరబడకుండా చూసుకోండి. రెండూ రాసుకుంటే పడేది ఎప్పుడూ వెనకవాడే. వంతెన దగ్గర వెనక్కి తిరగండి. ఆ పైన నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాటు ఉంది, అది అతని తీరున అతను దాటుకుంటాడు.

బ్యాండు మేళం వాళ్లకు బయానా ఇచ్చేసి ఉంటే, కన్యాకుమారి నుంచి రైల్లో తిరిగి వచ్చిన రోజుకు మార్పించుకోండి.

ప్రశ్న: మా చెల్లెలు నాగపూర్ నుంచి మొదలయ్యే 600 కిలోమీటర్ల బ్రెవే (దూరపు సైకిలు సవారీ)లో పాల్గొంటోంది. రాత్రంతా ఆడపిల్ల ఒంటరిగా తొక్కుతుందని మా వారు కారు తీసుకుని వెనకే వెళదామంటే, నిర్వాహకులు కుదరదన్నారు. ఇది న్యాయమేనా?
— ఒక పాఠకురాలు, బల్లార్షా, చంద్రపూర్ జిల్లా

జవాబు: మీ భయం అర్థం చేసుకోదగినదే, వారి నిబంధనా న్యాయమైనదే. బ్రెవే పందెం కాదు. ఎవరి సాయం లేకుండా నిర్ణీత గడువులో దూరం పూర్తి చేయడం. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కు 40 గంటలు గడువు. దారిలో కొన్ని తనిఖీ కేంద్రాలు ఉంటాయి, అక్కడ చేతి కార్డు మీద ముద్రో సంతకమో వేయించుకోవాలి. సొంతవాళ్లు సాయం అందించదలచుకుంటే ఆ కేంద్రాల దగ్గరే అందించాలి; వాటి మధ్యలో కారు వెంట వస్తే నష్టపోయేది మీ చెల్లెలే, పూర్తి చేసినా లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

కారు వెంట ఉండే పద్ధతి వేరే చోట ఉంది. అమెరికాను పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా అడ్డంగా దాటే రేస్ అక్రాస్ అమెరికాలో దాదాపు 4,800 కిలోమీటర్లను ఒంటరి పోటీదారు పన్నెండు రోజుల్లో ముగించాలి. అక్కడ రాత్రివేళ వెనక బృందం వాహనం ఉండడం తప్పనిసరి. మీ పక్కనున్న నాగపూర్ వైద్యుడు అమిత్ సమర్థ్, సైనికాధికారి శ్రీనివాస్ గోకుల్‌నాథ్ 2017లో అలా దాన్ని పూర్తి చేశారు. నిద్ర, తిండి, దారి చూపడం, మనసు నిలబెట్టడం అన్నీ బృందం పనులే. బ్రెవేలో ఆ పనులన్నీ తొక్కేవారివే, అందులోనే దాని రుచి ఉంది.

మీరు చేయగలిగింది లేకపోలేదు. రాత్రి రెండు, మూడు గంటల ప్రాంతంలో ఆమె చేరే కేంద్రం ఏదో ముందే కనుక్కుని అక్కడ వేడి అన్నం, పొడి మేజోళ్లు, పది నిమిషాలు నడుం వాల్చడానికి ఒక దుప్పటి సిద్ధంగా ఉంచండి. ఫ్రాన్సులో నాలుగేళ్లకోసారి జరిగే 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్‌లో దారి పక్క పల్లెవాళ్లు అర్ధరాత్రి బల్లలు వేసుకుని కాఫీ, సూపు పోస్తారు, వచ్చిన ప్రతివారికీ. ఒక్కరి కోసం కాక అందరి కోసం చేసే ఆతిథ్యానికి అక్కడ అడ్డు చెప్పరు. మీ పక్క పల్లెల్లో రోడ్డు వారనున్న టీ దుకాణం ఆయనకు ముందుగా చెప్పి ఆ ఒక్క రాత్రి పొయ్యి ఆర్పకుండా ఉంచగలిగితే, మీ చెల్లెలితో పాటు మిగతావాళ్లు కూడా మిమ్మల్ని తలచుకుంటారు.

ప్రశ్న: మా అన్నయ్య ఇలాంటి యాత్రలోనే ఉన్నాడు. గంటకోసారి ఫోను చేస్తే విసుక్కుంటున్నాడు, చేయకపోతే మాకు నిద్ర పట్టదు.
— ఒక పాఠకుడు, రాజురా

జవాబు: తొక్కుతున్నవాడు ఫోను ఎత్తాలంటే ఒక చెయ్యి వదలాలి, లేదా ఆగాలి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఒకసారి పెడితే ఎనిమిది గంటల దాకా ఉంటుంది. పొద్దున బయలుదేరేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం తిండి దగ్గర మరోసారి పెట్టమనండి. దానికి బ్యాటరీ ఖర్చవుతుంది కాబట్టి ఒక పవర్ బ్యాంకు కొనివ్వండి, అది మీ ఫోన్లన్నిటి కంటే మేలు. మ్యాపులో అతని చుక్క పావుగంట కదలకపోతే కంగారు పడకండి, టీ తాగుతూ ఉంటాడు. సాయంత్రం బస చేరాక ఒక్క ఫోను, అదీ అతనే చేసేట్టు మాట తీసుకోండి.

ఏదో ఒక రాత్రి "ఇక నా వల్ల కాదు, తిరిగి వచ్చేస్తా" అంటాడు. అప్పుడు ఔననీ కాదనీ అనవద్దు. అన్నం తిన్నావా, ఎంతసేపు పడుకున్నావు అని మాత్రం అడిగి, పొద్దున మాట్లాడదామనండి. గుండెలో నొప్పి, మాట తడబడడం, ఎండలో చెమట ఆగిపోవడం, మూత్రం టీ రంగులో రావడం వంటివి చెబితే మాత్రం పొద్దుటి దాకా ఆగవద్దు. జాతీయ రహదారి మీద ఉంటే 1033కు, ఎక్కడున్నా 112కు అక్కడినుంచే ఫోను చేయమనండి, దగ్గరలో ఉన్న కిలోమీటరు రాయి మీది అంకె చూసి చెప్పమనండి.