సబ్ మీటరా, సమానంగా పంచుకోవడమా? నన్నడిగితే రెండూ వద్దు

మూడు పోర్షన్లకీ ఒకటే కరెంటు మీటర్, బిల్లు సమానంగా పంచుకోవాలా, సబ్ మీటర్లు (ఆ మెయిన్ మీటర్ కిందే ఏ పోర్షన్ ఎంత వాడిందో లెక్కపెట్టే చిన్న మీటర్లు) పెట్టుకోవాలా అని ఒకరు అడిగారు. హైదరాబాద్‌లో అద్దె ఇళ్లు మారి మారి రెండు రకాలూ పడ్డాను కాబట్టి చెప్తున్నా.

సమానంగా అంటే పక్కింటివాళ్ల గీజర్‌కి మనం కట్టడమే. అందుకే రెండో ఇంట్లో సబ్ మీటర్ అనగానే సంబరపడ్డాను. యూనిట్‌కి పది రూపాయలన్నారు ఓనర్ అంకుల్. ఉండేది ఇద్దరం, పగలంతా ఆఫీసులోనే, ఏసీ లేదు, అయినా నెలకి నూట అరవై యూనిట్లు! ఫ్రిజ్ పాడైందేమోనని మెకానిక్‌కి మూడొందలు కూడా పోశాను. ఒక ఆదివారం పొద్దున్నే ఊరెళ్తూ, లోపల మెయిన్ ఆపేసి మెట్లు దిగుతుంటే, నా సబ్ మీటర్‌లో ఎర్ర లైటు సెకనుకోసారి కొట్టుకుంటోంది. 3200 సార్లు కొడితే ఒక యూనిట్ అని మీటర్ మీదే రాసి ఉంది, అంటే గంటకి యూనిట్ పైనే. బ్యాగ్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. కాసేపటికి ట్యాంకు నిండి పొర్లింది, అంకుల్ వచ్చి బోరు మోటార్ ఆపారు, లైటూ ఆగింది. "ఎలక్ట్రీషియన్ ఎప్పుడో అలా కలిపాడు బాబూ, నాకేం తెలుసు" అన్నారు. పాత డబ్బులు ఒక్క రూపాయి తిరిగి రాలేదు.

మోటార్ సంగతి సరే, అసలు దెబ్బ శ్లాబ్‌ది, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే మెట్లది. తెలంగాణలో 2022లో పెంచిన రేట్లు చూడండి. 200 యూనిట్లకి 820 రూపాయలు, 201 అయితే మొదటి యూనిట్ నుంచీ 5.10, 200 దాటినవాటికి ఇంకా ఎక్కువ, మొత్తం 1,027 పైన. మూడు ఇళ్లు తలా 110 కాల్చారనుకోండి, విడి మీటర్లయితే మొత్తం 1,164, ఒకే మీటర్ మీద 330 పడితే 2,060. ఫిక్స్‌డ్ ఛార్జీలు కలపకుండానే! తెల్ల కార్డు ఉన్నవాళ్లకి 200 లోపు వచ్చే జీరో బిల్లు కూడా పోయినట్టే. ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్ వస్తే అన్నీ సర్దుకుంటాయని మా ఆఫీసులో ఒకాయన వాదిస్తాడు. మీటర్ ఎంత తెలివైనదైతే ఏం, మూడు సంసారాలకి ఒకటే ఉంటే శ్లాబూ ఒకటే కదా.

కాబట్టి పోర్షన్‌కో విడి కనెక్షన్ తీసుకోమని ఓనర్ వెంట పడండి. ఇప్పుడున్న ఇంట్లో మాకు అలాగే ఉంది, బిల్లు నా పేరున కాకపోయినా నా వాడకానికే వస్తుంది. మోటార్ ఖర్చని ఓనర్ ఆంటీ నెలకి రెండొందలు విడిగా తీసుకుంటారు, అది వేరే గొడవ.